పాతర మీద సముద్రం

పొద్దున ఏడింటికి ఫోన్ మోగిందంటే అది భూపాలపల్లి నుంచేనని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. చేసేది వియ్యంకుడు చంద్రమౌళి. మాట్లాడేది మాత్రం రామచందర్‌తో కాదు, ఆయన కొడుకు విజయ్‌తో.

ఆ రోజూ అంతే. రామచందర్ వసారాలో కుర్చీ వేసుకుని చాయ్ తాగుతున్నాడు. నాలుగడుగుల దూరంలో విజయ్ గోడకు చేరగిలబడి, ఫోన్‌ను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, ఒళ్ళో నోటుబుక్కు పెట్టుకుని రాస్తున్నాడు.

"ఆ చెప్పు మామా. పంపు గంటకు ఎన్ని లీటర్లు తిప్పాలె? అంత పెద్దదా? మరి కరెంటు పోతె ఇన్వర్టర్ ఎంతసేపు గుంజుతది? ఆగకు, చెప్పు. రాసుకుంటున్న."

ఆ 'రాసుకుంటున్న' అన్న మాట దగ్గర రామచందర్‌కు చాయ్ చేదెక్కింది. ముప్పై ఏళ్ళకు దగ్గరపడిన కొడుకు తన నోటి నుంచి వచ్చిన మాటను ఏనాడూ రాసుకోలేదు. రాసుకోవడం దాకా ఎందుకు, నిలబడి వినలేదు. 'తిన్నవా' అంటే 'ఆ'. 'పోతున్నవా' అంటే 'ఊ'. తండ్రీకొడుకుల మధ్య రోజు మొత్తం మీద నడిచే సంభాషణ అంతే. అలాంటిది, పిల్లనిచ్చిన మామతో పొద్దున్నే అరగంట ముచ్చట, మధ్యలో నవ్వులు.

జనగామలో రామచందర్‌ది బియ్యం, జొన్నల టోకు దుకాణం. తాత కట్టిన ఇల్లు, తండ్రి పెట్టిన దుకాణం, ఆ తర్వాత తాను. తన తర్వాత విజయ్ అనుకున్నాడు. విజయ్ బచ్చన్నపేట హైస్కూల్లో జీవశాస్త్రం పంతులయ్యాడు. సరే, దాన్ని మింగాడు. ఇప్పుడు ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బళ్ళు మూతబడ్డాయి, బస్సులు డిపోల్లోంచి కదలడం లేదు, బొగ్గు గనులు ఆగి కరెంటు పూటకు మూడు గంటలు పోతోంది. పొద్దున ధర్నా చౌక్‌లో కూర్చుని వచ్చాక విజయ్‌కు బోలెడంత తీరిక. ఆ తీరికంతా ఒక తొట్టి మింగుతోంది.

మామూలు చేపల తొట్టి కాదు. ఆరడుగుల పొడవు, వెయ్యి లీటర్ల ఉప్పునీళ్ళు, అందులో బతికున్న పగడాలు, వాటి మధ్య తిరిగే రంగు రంగుల సముద్రపు చేపలు. పదో తరగతి పిల్లల్లో ఒక్కడు కూడా సముద్రం చూడలేదని, వాళ్ళకు సముద్రాన్ని ఇక్కడికే తెచ్చి చూపిస్తానని విజయ్ పట్టుదల. దానికి ఏమేం సామాన్లు కావాలో నెల రోజులుగా నోటుబుక్కు నిండుతోంది. నీళ్ళు తిప్పే పంపు, మురికిని నురగగా తీసే మిషను, పైన వేలాడే లైట్లు, నీళ్ళు వేడెక్కకుండా చల్లబరిచే మిషను. ఆ చివరిదాని దగ్గరే పెన్ను ఆగిపోతోంది. కరెంటు పోతే ఇన్వర్టర్ పంపును నడుపుతుంది గానీ చల్లబరిచే మిషనును గుంజలేదు, అది ఆగుతుంది, నీళ్ళు వేడెక్కుతాయి, పగడాలు చస్తాయి. దాని కింద విజయ్ ఎర్ర సిరాతో రెండు గీతలు గీసి పెట్టుకున్నాడు.

"వియ్యంకునికి గనిల సమ్మె గదా, పని లేదు. నీ కొడుకును పట్టుకున్నడు," అన్నాడు రామచందర్ వంటింటి గడప దగ్గరికి పోయి.

భార్య రాజేశ్వరి బియ్యం చెరుగుతోంది. "అంత మండుతుంటె మీరే పోయి వాని పక్కన కూసోరాదుండ్రి."

"నన్నెవరు పిలిచిన్రు?"

"వాడు ముందుగాల మీ దగ్గరికే వచ్చిండు గదా."

"ఎప్పుడు వచ్చిండు? నా దగ్గరికెందుకొస్తడు?" అని రామచందర్ తువ్వాలు దులుపుకుని దుకాణానికి వెళ్ళిపోయాడు. రాజేశ్వరి ఇంకేదో అనబోయి చేటలోకి తల వంచుకుంది.

మూడో నాడు చంద్రమౌళి స్వయంగా దిగాడు. బస్సులు లేవు కాబట్టి భూపాలపల్లి నుంచి జనగామ దాకా మోటారుసైకిల్ మీద వచ్చాడు. వ్యాపారస్తుల ఇంట్లో పుట్టి, కాటారంలో అన్నదమ్ములకు దుకాణం వదిలేసి, గనిలో పంపుల ఫోర్‌మన్‌గా దిగిన మనిషి. గనిలో ఊరే నీళ్ళను ముప్పై ఏళ్ళుగా పైకి తోడినవాడు. దుమ్ము కొట్టుకున్న మొహంతో గడపలో నిలబడి, "బావా, బాగున్నవా?" అని రామచందర్‌ను గట్టిగా వాటేసుకున్నాడు. రామచందర్ చేతులు మాత్రం కిందికే వేలాడాయి.

"నాయినా, నూట ఇరవై కిలోమీటర్లు బండి మీద వస్తరా ఎవరన్న?" అని కోడలు నిఖిత తండ్రిని కోప్పడింది. కోప్పడుతూనే నీళ్ళ చెంబు అందించింది.

"అల్లుడు సముద్రం తెస్తాంటె చూడొద్దా బిడ్డా," అన్నాడు చంద్రమౌళి. విజయ్ నవ్వాడు. గొంతు విప్పి, తల వెనక్కి వేసి నవ్వాడు. కొడుకు అలా నవ్వుతాడని రామచందర్‌కు తెలియదు. ఆ సంగతి వేరేవాళ్ళ వల్ల తెలిసింది.

చాయ్ తాగగానే మామా అల్లుళ్ళిద్దరూ ముందరి హాల్లో పనికి దిగారు. చంద్రమౌళి పొడవాటి కర్ర ఒకటి తీసుకుని పైనున్న టేకు దూలాలను ఒక్కొక్కటే కొట్టి చూశాడు. కొట్టడం, చెవి ఒగ్గి వినడం, మళ్ళీ కొట్టడం.

"ఏం చేస్తున్నవు మామా?"

"గన్లకు దిగంగనే ముందుగాల కప్పు కొట్టి చూడాలె. గట్టిగున్నదో, బోలుగున్నదో సప్పుడే చెప్తది. గీ దూలం ఉక్కు లెక్కున్నది. లైట్లు దీనికే ఏలాడదీద్దాం. దాని కిందనే, గీ మూలకు తొట్టి." సుద్దముక్క తీసుకుని నేలకు పరిచిన షాబాద్ బండల మీద ఆరడుగుల గీత గీశాడు.

దుకాణానికి బయలుదేరుతున్న రామచందర్ గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆ గీత సరిగ్గా పాతర మీద పడింది.

తాతల కాలంలో జొన్నలు దాచిన పాతర అది. నేలలో తవ్విన లోతైన గుంత, చుట్టూ రాతి కట్టడం. విజయ్ పుట్టకముందు, ఇంటికి బండలు పరిపించేటప్పుడు దాన్ని పూడ్చమని తండ్రి రామచందర్‌కు అప్పజెప్పాడు. మట్టి బండ్ల కోసం ఎవరు తిరుగుతారని, మిల్లులో ఊరికే దొరికే వడ్ల ఊకను కుక్కి, పైన బండలు వేయించి చేతులు దులుపుకున్నాడు రామచందర్. తండ్రికి చెప్పలేదు. ఆ ఊక ఎప్పుడో కుళ్ళి కుంగిపోయి ఉంటుంది. సోఫా, టీపాయ్ ఉన్నంత వరకు పరవాలేదు గానీ, వెయ్యి లీటర్ల నీళ్ళు, రాళ్ళు, అద్దాలు, ఇనప స్టాండు అన్నీ కలిసి టన్నున్నర బరువును ఆ బండలు ఆపవు.

చెప్పడానికి నోరు తెరిచాడు. "మామా, నువ్వు లేకపోతె నాకు ఎక్కడ మొదలువెట్టాల్నో గూడ తెలవకపోవు," అంటున్నాడు విజయ్ అదే క్షణంలో. రామచందర్ నోరు మూసుకున్నాడు.

దుకాణంలో కూర్చున్నా ఆయన మనసు ఆ గీత మీదే ఉంది. చెప్పాలి, తప్పకుండా చెప్పాలి. కానీ ఇప్పుడే ఎందుకు? స్టాండు రానీ. నలుగురిలో బండ కుంగనీ. అంత గొప్ప ఫోర్‌మన్ లెక్క తప్పిందని విజయ్ చూడనీ. అప్పుడు కొడుకు తన దగ్గరికి వస్తాడు. బాపూ, ఏం చెయ్యాలె అని అడుగుతాడు. తొట్టి రావడానికి ఎలాగూ నెల పడుతుంది, ఈలోగా ఎవరికీ ఏమీ కాదు. ఇలా తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. కుళ్ళు పట్టిన మనిషికి సర్దిచెప్పుకోవడానికి కారణాలు తక్కువా?

రెండు రోజులు గడిచాయి. అన్నం దగ్గర చంద్రమౌళి పక్కన విజయ్. ధర్నాకు చంద్రమౌళి పక్కన విజయ్. చౌరస్తాలో సమ్మె వాళ్ళ వంటావార్పుకు రెండు బస్తాల బియ్యం ఇచ్చింది రామచందర్ అయితే, అక్కడ గరిట పట్టుకుని అందరికీ వడ్డించి పేరు తెచ్చుకుంది చంద్రమౌళి. "మీ వియ్యంకుడు మస్తు కలుపుగోలు మనిషి సేటూ," అని నలుగురు అన్నారు. రామచందర్ నలుగురికీ తల ఊపాడు.

ఆదివారం పొద్దున చంద్రమౌళి ఒక మాట అన్నాడు. "బావా, నీ దుకాణంల బియ్యం బస్తాలు జర పంపుతవా? తొట్టి ఎంత బరువో అంత బరువు నాలుగు దినాలు ఈడ పెట్టి చూద్దాం. నేల సంగతి తెలుస్తది. మిషన్ కింద పునాది ఏస్తె మేం గిట్లనే చూస్తం."

 ఇలా తన బస్తాలతోనే, ఇంత తొందరగా ఇది జరుగుతుందని రామచందర్ అనుకోలేదు. "ఎన్ని?" అన్నాడు.

"యాభై కిలోలవి ముప్పై."

గంటలో ట్రాలీ వచ్చింది. బస్తాలు దింపడానికి అమర్‌సింగ్ వచ్చాడు. రామచందర్ దుకాణంలో ముప్పై అయిదేళ్ళుగా హమాలీ పని చేస్తున్నాడు. మొదటి బస్తా వీపున మోసుకుని హాల్లోకి వచ్చి, సుద్దగీత చూసి ఆగాడు. ఆ రోజుల్లో పాతరలో ఊక కుక్కింది రామచందర్, అమర్‌సింగ్ ఇద్దరే.

"సేటూ, ఈడనే గదా మనం..."

"నీకు చెప్పిన కాడ పెట్టు," అన్నాడు రామచందర్. గొంతు కరుకుగా వచ్చింది. అమర్‌సింగ్ ఒక్క క్షణం యజమాని మొహంలోకి చూసి, బస్తా దించి, ఇంకోదాని కోసం వెళ్ళాడు.

అయిదు. పది. బండలు కదల్లేదు. రామచందర్ గుమ్మం పట్టుకుని నిలబడి లెక్కపెడుతున్నాడు. ఏమీ కాదేమో. పై వరస కోసం అమర్‌సింగ్ బస్తాల అంచు మీద కాలు పెట్టి ఎక్కాల్సి వస్తోంది. పద్దెనిమిది. చంద్రమౌళి నోటుబుక్కు పట్టుకుని ఆ మూలలోనే నిలబడి, దూలం వైపు చూస్తూ లైట్ల గొలుసు ఎంత పొడవు ఉండాలో విజయ్‌కు చెబుతున్నాడు. ఆ మనిషి చూపు ఎప్పుడూ పైకే. ముప్పై ఏళ్ళు కప్పు కూలుతుందన్న భయంతో బతికినవాడు, కాలి కింద నేలను ఒక్కసారి కూడా కొట్టి చూడలేదు.

ఇరవై రెండో బస్తాతో అమర్‌సింగ్ గడప దాటాడు. అప్పుడు రామచందర్‌కు వినిపించింది. బండ కింద ఇసుక జారుతున్నట్టు సన్నని చప్పుడు. బస్తాకు చిల్లు పడితే దుకాణం అవతలి మూల నుంచైనా పట్టుకునే చెవి ఆయనది.

"ఆగు అమర్‌సింగ్. బావా, ఇవతలికి రా. కింద పాతరున్నది."

అమర్‌సింగ్ బస్తా అక్కడే వదిలేసి వెనక్కి దూకాడు. చంద్రమౌళి ఒక అడుగు వేశాడు. రెండో అడుగు కింద బండ లేదు. రెండు బండలు విరిగి లోపలికి పోయాయి, వాటి వెంట ఆయన కుడికాలు తొడ దాకా దిగబడింది, పై వరస బస్తాలు ఒరిగి పక్కన దబదబా పడ్డాయి. పాత ఊక వాసన హాలంతా నిండింది.

విజయ్, అమర్‌సింగ్ కలిసి ఆయనను పైకి లాగారు. నిఖిత పరుగున వచ్చి తండ్రి తలను ఒడిలో పెట్టుకుంది. దవాఖానకు తీసుకుపోయారు. మడమ దగ్గర ఎముకకు పగులు, మూడు వారాలు పట్టీ. బస్తా మీద పడి ఉంటే ఏమయ్యేదో డాక్టర్ చెప్పలేదు. చెప్పాల్సిన పని కూడా లేదు.

ఇంటికి తెచ్చి చంద్రమౌళిని లోపలి గదిలో పడుకోబెట్టాక, విజయ్ హాల్లోకి వచ్చాడు. రామచందర్ ఆ గుంత పక్కనే కూర్చుని ఉన్నాడు.

"బాపూ, నీకు ముందే తెలుసా?"

తెలియదని చెప్పొచ్చు. మరచిపోయానని చెప్పొచ్చు. అమర్‌సింగ్ నోరు విప్పడు. కానీ రామచందర్‌కు ఆ ఓపిక లేదు. "తెలుసు," అన్నాడు.

"ఎప్పటి సంది?"

"నువ్వు పుట్టకముందు సంది. నేనే ఊక నింపి మూసిన."

"మరి మామ గీత గీసిన్నాడు ఎందుకు చెప్పలె?"

"నన్ను అడిగినవా?" అన్నాడు రామచందర్. "నెల దినాలైతాంది. ఏ లైటు పెట్టాలె, ఏ పంపు కొనాలె, అన్నీ ఫోన్ల ఆయన్నే అడుగుతవు. నేను నీ ముంగటనే కూసుంట గదరా. గీ ఇంట్ల నేల ఎట్లుంటదో నన్ను అడగాలని ఒక్కనాడన్న అనిపించలేదా?"

"అడగలేదని మనిషిని గుంతల పడనిస్తవా?"

 తలుపు దగ్గర నిఖిత నిలబడి ఉంది. కాపురానికి వచ్చి మూడేళ్ళయినా మామగారి ముందు గొంతు పెంచని పిల్ల. అప్పుడూ పెంచలేదు. "మామయ్యా, మా నాయిన ముప్పై ఏండ్లు గన్ల చేసిండు. ఒక్కనాడు గూడ దెబ్బ తగిలి ఇంటికి రాలె," అంది. కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మాట కొడుకు కోపం కన్నా ఎక్కువగా తగిలింది. అన్నం తినకుండా రామచందర్ హాల్లోనే తిరిగాడు. మధ్యాహ్నం దాటాక వియ్యంకుడి మంచం పక్కకు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కరెంటు లేదు. చంద్రమౌళి తాటాకు విసనకర్రతో విసురుకుంటున్నాడు.

"నన్ను తిట్టు బావా."

"తిడితె కాలు అతుక్కుంటదా?" చంద్రమౌళి కాసేపు విసనకర్ర ఆపాడు. "కోపం లేదని అబద్ధమెందుకాడాలె. మస్తున్నది. నా సంగతి సరే, ఆ అమర్‌సింగ్ ఏం చేసిండు నీకు?"

రామచందర్ తల వంచుకున్నాడు. "నాకు కుళ్ళు పుట్టింది బావా. వాడు నీతోటి నవ్వుతడు. నాతోటి నవ్వడు. నేనేం తక్కువ చేసిన వానికి?"

"తక్కువ చేసినవని నేనంటలేను. ఒక సంగతి అడుగుత చెప్పు. ఈ తొట్టి ముచ్చట వాడు మొట్టమొదలు ఎవరికి చెప్పిండు?"

"నీకే గదా."

"కాదు, నీకే. ఎండకాలం సెలవుల్ల ఒకనాడు దుకాణానికొచ్చి, 'బాపూ, ఇంట్ల ఒక సముద్రం కట్టాలనున్నది, నువ్వైతె ఏడ కడుతవు' అని అడిగిండట. నువ్వు జొన్నల్ల చెయ్యి పెట్టి చూసుకుంట, తల గూడ ఎత్తకుండ, 'పనిలేని ముచ్చట్లు నా తాన తేకు' అన్నవట. నీకు యాదికున్నదా?"

రామచందర్‌కు గుర్తు లేదు. అదే ఆయన్ను కుంగదీసింది. ఆ మాట అన్నట్టు గుర్తుంటే సమర్థించుకునేవాడు. గుర్తు కూడా లేకుండా అన్నాడంటే, అలాంటివి ఎన్ని అన్నాడో. రెండో తరగతిలో పట్టుకొచ్చిన తూనీగ దగ్గర నుంచి లెక్కేస్తే, కొడుకు తెచ్చిన ఎన్ని ముచ్చట్లను గల్లా పెట్టె ముందు నుంచి తరిమేశాడో. అడగలేదు, అడగలేదని నెల రోజులు ఉడికిపోయాడు. అడగడానికి వచ్చినవాడిని వెళ్ళగొట్టింది తనే.

ఆయన భుజాలు కదలడం చూసి చంద్రమౌళి విసనకర్ర ఇటు తిప్పి విసరడం మొదలుపెట్టాడు. "నాకు లేదనుకున్నవా కుళ్ళు? నిఖిత ఫోన్ చేస్తె రెండో మాట 'మామయ్య' అంటది. మామయ్య సీతాఫలాలు తెచ్చిండు, మామయ్య నేను తినేదాక తినడు. నాకు ఒళ్ళు మండేది. కాకపోతె నేను నీ కింద గుంత తవ్వలె."

ఇద్దరూ నవ్వలేకపోయారు. కానీ రామచందర్ లేచి, దుకాణం వెనకాల రేకుల షెడ్డులో ఉండే అమర్‌సింగ్ దగ్గరికి నడిచి వెళ్ళాడు. ఏం మాట్లాడుకున్నారో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరూ కలిసి పారలు, గంపలు పట్టుకొచ్చారు. పొద్దు గూకే లోపల పాతరలోని కుళ్ళిన ఊకంతా రామచందర్ తన చేతులతో ఎత్తిపోశాడు. ఆపమని రాజేశ్వరి రెండుసార్లు చెప్పి, మూడోసారి తానూ గంప అందుకుంది. విజయ్ గుమ్మంలోంచి చూశాడు. దగ్గరికి రాలేదు.

మర్నాడు పొద్దున ఏడింటికి ఫోన్ మోగలేదు. చేసే మనిషి లోపలి గదిలో గురకపెడుతున్నాడు. రామచందర్ వసారాలో కూర్చుని చాయ్ చల్లారబెట్టుకుంటున్నాడు. అరచేతుల నిండా బొబ్బలు.

విజయ్ బయటికి వచ్చాడు. చేతిలో నోటుబుక్కు, టేపు. తండ్రి ముందుకొచ్చి నిలబడ్డాడు. మొహంలో కోపం ఇంకా ఉంది.

"బాపూ, ఆ పాతర ఎంత లోతు?"

రామచందర్ తలెత్తి చూశాడు. ఒక గుక్క చాయ్ మింగాడు. "ఆరు మూరలు. మూసేటప్పుడు నా చేత్తోనే కొలిచిన."

"మూరంటె ఎంత?"

రామచందర్ కుడిచెయ్యి మోచేతి నుంచి చాపి చూపించాడు. విజయ్ కింద కూర్చున్నాడు. టేపు కొసను తండ్రి మోచేతి దగ్గర ఆనించి, బొబ్బలెక్కిన అరచేతి మీదుగా నడిపి, నడిమి వేలు కొస దాకా పట్టుకున్నాడు. ఎప్పుడో వేలు పట్టుకుని బడికి పోయిన రోజుల తర్వాత కొడుకు ఆ చెయ్యి ముట్టుకోవడం ఇదే. రామచందర్ కళ్ళు నిండాయి. చెయ్యి కదిలితే లెక్క తప్పుతుందని, తుడుచుకోకుండా అలాగే ఉంచాడు.

"పద్దెనిమిదిన్నర ఇంచులు," అన్నాడు విజయ్. టేపు చూసి అయిపోయినా చెయ్యి వదల్లేదు.

"మూడు గజాలు ఇవతలికి జరిగితె అంతా గట్టి రాయే," అన్నాడు రామచందర్ నెమ్మదిగా. "తొట్టి ఆడ పెట్టు. పాతరను పూడ్చకు. చిన్నప్పుడు జొన్నలు తియ్యనీకి నన్ను అందులకు దించేటోళ్ళు. రోహిణి ఎండల్ల గూడ లోపల సల్లగుండేది. మీ నీళ్ళను ఆ కిందికి తిప్పి పైకి తెస్తె..." అంటూ కొడుకు మొహం చూసి ఆగిపోయాడు. తెలియని విషయంలో వేలు పెట్టానేమోనని భయం వేసింది.

విజయ్ అప్పటికే నోటుబుక్కు తిప్పుతున్నాడు. ఎర్ర గీతలున్న పేజీ దొరికింది. దాని మీద తల వంచి పెన్ను మూత తీశాడు.

"ఆగకు బాపూ, చెప్పు," అన్నాడు. "రాసుకుంటున్న."